1932 ఫోర్డ్ లాంటి పాత హాట్ రాడ్‌లంటే (వేగం కోసం విప్పి మార్చుకున్న పాత కార్లంటే) అమెరికావాళ్లకు ఇప్పటికీ అంత పిచ్చి ఎందుకు?

అవి షోరూమ్‌లో రెడీమేడ్‌గా కొన్నవి కావు, కుర్రాళ్లు ఇంటి షెడ్డులో సొంతంగా కట్టుకున్నవి, అందుకే. 1932లో ఫోర్డ్ మామూలు జనం కొనగలిగే ధరకే 65 హార్స్‌పవర్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఇచ్చింది, కొన్నేళ్లకు అవే సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికాయి. మడ్‌గార్డులు, బానెట్ పీకేసి బరువు తగ్గించి, ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే కార్బ్యురేటర్ ఒక్కటి ఉన్నచోట రెండుమూడు బిగించి, దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద దుమ్ము రేపుతూ తోలేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యంలో మెకానిక్ పని నేర్చినవాళ్లూ తోడయ్యారు. 1950లో శాంటా ఆనా ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీద డ్రాగ్ రేసులు (తిన్నటి దారిలో ఆగినచోటు నుంచి ఒక్కసారిగా దూసుకెళ్లే పోటీలు) మొదలయ్యాయి, మరుసటి ఏడాది వాలీ పార్క్స్ అనే ఆయన ఈ రేసులు నడిపే సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టాడు. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, అంతే రేసు. డబ్బున్నవాడి కంటే చేతిపని తెలిసినవాడు గెలిచే ఆ కాలమంటే నాకూ ప్రాణం. 1932 బాడీలు ఇప్పటికీ కొత్త స్టీల్‌తో తయారై అమ్ముడవుతున్నాయి.