పేరాగ్రాఫ్, పారాసైట్, పారాచూట్: మూడింట్లోనూ ఉన్నది ఒకే ‘పారా’ యేనా?

కాదు. పేరాగ్రాఫ్, పారాసైట్‌లలో ఉన్నది గ్రీకు ‘పారా’. పారాచూట్‌లోది లాటిన్ మూలం నుంచి వచ్చిన వేరే ముక్క. తెలుగులో పేరా, పారా, ప్యారా అని ఎలా రాసుకున్నా ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటే, తికమక అక్కడే మొదలవుతుంది.

గ్రీకు ‘పారా’ అంటే పక్కన. ‘సీటోస్’ అంటే తిండి, కాబట్టి పారాసైట్ అంటే ఇతరుల పంక్తిలో కూర్చుని తినేవాడు. జీవశాస్త్రం ఆ తిట్టుపేరునే పరాన్నజీవికి పెట్టింది. పేరాగ్రాఫ్ అసలు అర్థం ఇంకా చిత్రమైనది. గ్రీకు రాతప్రతుల్లో విషయం మారేచోట వాక్యాల పక్కన, అంచులో గీసే చిన్న అడ్డగీత పేరది. తర్వాత ఆ గీత విడదీసిన భాగానికే పేరు స్థిరపడింది. ప్యారలల్ అంటే ఒకదాని పక్కన ఒకటి.

పారాచూట్ 18వ శతాబ్దపు ఫ్రెంచ్ మాట. ‘చూట్’ అంటే పడిపోవడం, ‘పారా’ అంటే కాచేది. ఎండను కాచే గొడుగు, పారాసోల్ కూడా ఈ కోవలోదే.

మిగిలిన సగం లాటిన్‌దైతే ‘పారా’ కూడా లాటిన్‌దే అనుకోవడం మామూలు పొరపాటు. పారామిలిటరీలో ‘మిలిటరీ’ లాటిన్‌దే, అయినా అక్కడి ‘పారా’ గ్రీకుదే: సైన్యానికి పక్కన ఉండే దళం. అందుకే అర్థం చూడాలి: ‘పక్కన’ అతికితే గ్రీకు, ‘కాచేది’ అతికితే లాటిన్. ప్యారడైజ్‌కి ఈ రెండూ కుదరవు. అది చుట్టూ గోడ కట్టిన తోట అనే పాత ఇరానియన్ మాట.