సన్‌స్క్రీన్ కొనే ముందు

అమ్మలూ,

ఏ సన్‌స్క్రీన్ కొనాలో చెప్పమని అడిగావు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు గానీ, నా చర్మానికి పడింది నీకూ పడాలని లేదు. చర్మవ్యాధుల వార్డులో నర్సుగా చేసినన్నాళ్లూ నేను చూసింది ఒకటే. అందరూ మంచి ట్యూబే కొంటారు, తీరా బఠానీ గింజంత రాసుకుంటారు. అందుకే రోజూ ధారాళంగా రాసుకోవడానికి నీకు విసుగు పుట్టని క్రీము ఎంచుకో. మిగతావన్నీ దాని తర్వాతే.

ట్యూబు మీద పెద్దక్షరాల్లో ఉండే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాల సంగతి చెబుతుంది. ఎండకు చర్మం కమిలేది ఎక్కువగా వాటివల్లే. 30 ఉన్నది వాటిలో దాదాపు 97 శాతాన్ని ఆపుతుంది, 50 అయితే 98 శాతం. కాబట్టి అంకె రెట్టింపైతే రక్షణ కూడా రెట్టింపవుతుందనుకోకు. పైగా ఈ లెక్కలు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి తేల్చినవి. మనలో చాలామంది అందులో సగం కూడా రాసుకోం. 30కి తగ్గకుండా తీసుకో, ఎండలో ఎక్కువసేపు తిరిగే పనుంటే 50 తీసుకో. ముఖానికీ మెడకూ కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండినంత క్రీము కావాలి. ఒకేసారి ఇంకకపోతే రెండు విడతలుగా రాసుకో. చెవులు, మెడ వెనక భాగం మరిచిపోవద్దు.

ఎండలోనే ఉండే మరో రకం, యూవీఏ కిరణాల గురించి ఎస్‌పీఎఫ్ పెద్దగా ఏమీ చెప్పదు. అవి చర్మంలో ఇంకా లోతుకు దిగి ముడతలు, మచ్చలు తెస్తాయి. మబ్బు పట్టినా వస్తాయి, కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. అందుకని ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అని, అంటే రెండు రకాల కిరణాల నుంచీ కాపాడేదని, రాసుందో లేదో చూడు. కొన్నింటి మీద యూవీఏ నుంచి ఎంత రక్షణో తెలిపే పీఏ అని, పక్కన ప్లస్ గుర్తులు ఉంటాయి. నాలుగు ప్లస్‌లు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ అని. కనీసం మూడు ఉన్నది కొను.

రంగు తక్కువ వాళ్లకు ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే వినకు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత కాపాడుతుంది, నిజమే. కానీ చామనఛాయ చర్మానికి మచ్చలు తేలిగ్గా పడతాయి, ఓ పట్టాన పోవు. మంగు ఉన్నవాళ్లకు కంటికి కనిపించే వెలుతురు కూడా పడదు. వాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ వాడితే మేలు.

మినరలా (జింక్ ఆక్సైడ్ లాంటి ఖనిజాలతో చేసింది), కెమికలా అని టెన్షన్ పడకు. చర్మం ఊరికే మండే వాళ్లకు జింక్ ఆక్సైడ్ ఉన్నది, సువాసన కలపనిది బాగా పడుతుంది. కాకపోతే కొన్ని పిండి పూసినట్టు తెల్లగా తేలతాయి. అలా తేలేదాన్ని నువ్వు నాలుగు రోజులు రాసి మానేస్తావు, నాకు తెలుసు. జిడ్డు చర్మమైతే జెల్ లాంటిది, ‘నాన్ కొమెడోజెనిక్’ అని, అంటే చర్మ రంధ్రాలు పూడనివ్వనిదని, ఉన్నది చూడు. ఏదైనా సరే, ముందు కొన్నాళ్లు మోచేతి లోపలి వైపు కాస్త రాసి చూడు.

బయటికి వెళ్లే పావుగంట ముందు రాసుకో. ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట పట్టినా, ఈత కొట్టినా అంతకన్నా ముందే రాయాలి. ‘వాటర్ రెసిస్టెంట్’ అన్నా అది నీళ్లలో 40 నిమిషాలో, 80 నిమిషాలో నిలుస్తుంది, అంతే. ట్యూబు కారులో వేడికి వదిలేయకు, గడువు దాటింది వాడకు.

పాపకు రాయాలా అని కూడా అడిగావు. ఆరు నెలలు నిండేదాకా వద్దు. నీడలో ఉంచు, ఒళ్లంతా కప్పే పల్చటి నూలు బట్టలు వెయ్యి, టోపీ పెట్టు. నువ్వు కూడా మిట్టమధ్యాహ్నం తిరిగేటప్పుడు క్రీము ఒక్కదాన్నే నమ్ముకోకుండా గొడుగు పట్టుకెళ్లు.

మొదట చిన్న ట్యూబే కొను. మొటిమలకు రెటినాయిడ్ మందు ఏదైనా వాడుతున్నావా? వాడుతుంటే చర్మం ఎండకు మరింత సున్నితమవుతుంది. దాని పేరు నాకు రాయి, చూసి చెబుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ