పెద్దరికం వయసుదా, పదవిదా?

సందేహం: ‘ఎల్డర్ బ్రదర్’ అనాలా, ‘ఓల్డర్ బ్రదర్’ అనాలా? మా ఆఫీసులో ఒకాయన వయసులో నాకంటే చిన్న, హోదాలో పైన. ఆయన్ని ‘సీనియర్’ అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: తెలుగులో మాట్లాడేటప్పుడైతే మొదటి సందేహం రానే కూడదమ్మా. ఇంగ్లిషు ‘బ్రదర్’లో పెద్దా చిన్నా తెలియదు కాబట్టి వాళ్లకు ముందొక విశేషణం కావాలి. మన ‘అన్న’లో, ‘తమ్ముడు’లో వయసు ఇమిడే ఉంది. చక్కగా ‘అన్నయ్య వచ్చాడు’ అనక ‘మా ఎల్డర్ బ్రదర్ వచ్చాడు’ అనడం ఏం అలవాటు?

ఇంగ్లిషులో రాసేటప్పుడు రెండూ ఒప్పే. ‘ఎల్డర్’ పాత రూపం, ఇప్పుడు ఇంటివాళ్లకూ సంఘంలో పెద్దలకూ పరిమితమైంది. దాని పక్కన ‘దన్’ చేర్చకూడదు, అక్కడ ‘ఓల్డర్ దన్’ అనాలి. వస్తువులకైతే ‘ఓల్డర్’ ఒక్కటే.

అసలు రుచి ‘సీనియర్’లో ఉంది. లాటిన్‌లో ‘సెనెక్స్’ అంటే ముసలివాడు. ఇద్దరిలో వయసు మీరినవాడు ‘సెనియోర్’. పెద్దల సభ కనుక ‘సెనేట్’. ఆ ‘సెనియోరే’ స్పెయిన్‌లో ‘సెన్యోర్’ అయింది, ఫ్రెంచి వాళ్ల నోట అరిగి ‘సీర్’ అయింది, ఇంగ్లిషులోకి వచ్చి ‘సర్’గా మిగిలింది. పాతికేళ్ల అధికారిని అరవయ్యేళ్ల గుమాస్తా ‘సర్’ అన్న ప్రతిసారీ, మాట పుట్టుక ప్రకారం, ‘నాకంటే పెద్దవాడా’ అంటున్నట్టే. వయసు మాట హోదా మాటగా మారిపోవడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? వేదభాషలో ‘పాతది’ అనే అర్థమున్న ‘సన’ శబ్దం ఈ ‘సెనెక్స్’కు తోబుట్టువని భాషాశాస్త్రజ్ఞుల మాట. మన ‘సనాతనం’ ఆ కుటుంబానిదే.

సంస్కృతం ఈ రెండు పెద్దరికాలనూ ఏనాడో ఒక్కచోట కట్టేసింది. పాణిని వ్యాకరణ గ్రంథమైన అష్టాధ్యాయి అయిదో అధ్యాయం మూడో పాదంలో ‘జ్య చ’, ‘వృద్ధస్య చ’ అని వరసగా రెండు సూత్రాలున్నాయి. ‘అందరికన్నా’ అని చెప్పే ‘ఇష్ఠ’ వంటి ప్రత్యయం చేరేటప్పుడు ‘ప్రశస్య’ (మెచ్చదగిన) శబ్దానికి ‘జ్య’ ఆదేశమవుతుందని, అంటే దాని చోట ‘జ్య’ వస్తుందని మొదటిది, ‘వృద్ధ’ శబ్దానికీ అదే అవుతుందని రెండోది. అంటే ‘జ్యేష్ఠుడు’ అందరికన్నా మెచ్చదగినవాడూ కావచ్చు, అందరికన్నా వయసు మళ్లినవాడూ కావచ్చు. రెండు వేర్వేరు మాటలు ఒకే రూపంలో కలిశాయని గుర్తించి, దాన్ని రెండు చిన్న సూత్రాల్లో పెట్టిన పాణినికి ఎన్నిసార్లు దణ్ణం పెట్టినా తక్కువే. మన ‘పెద్ద’ కూడా అంతే: ‘ఇంటికి పెద్ద’ అంటే వయసూ అవుతుంది, అధికారమూ అవుతుంది.

కాబట్టి వయసులో చిన్నవాడైనా హోదాలో పైవాణ్ని ‘సీనియర్’ అనడం తప్పు కాదు. అయితే ఉద్యోగుల వాడుకలో ఆ మాట ముందు చేరినవాడికి కూడా చెల్లుతుంది. ఆయన మీ తర్వాత చేరి మీ పైకి వచ్చినవాడైతే వినేవాళ్లు తికమకపడవచ్చు. అక్కడ ‘పై అధికారి’ అంటే చిక్కు లేదు.

‘సీనియర్’ పక్కన కూడా ‘దన్’ కాదు, ‘టు’ రావాలి. ‘మోర్ సీనియర్’ అని మంచి ఇంగ్లిషు రాసేవాళ్లే రాస్తున్నారు, కాబట్టి తప్పని కొట్టెయ్యలేను. కానీ మాటలోనే ఉన్న ‘ఎక్కువ’కు మరో ‘ఎక్కువ’ తగిలించడం నా చెవికి ఇంపుగా లేదు.