తిరుపతిలోనే ఉండి పని పుట్టించుకోవాలంటే

చిట్టీ,

రేణిగుంట, శ్రీసిటీ కంపెనీల్లో అడిగితే షిఫ్టులంటున్నారనీ, చెన్నై, బెంగళూరు వాళ్ళు ఆఫీసుకు రావాల్సిందే అంటున్నారనీ, చంటిదాన్ని వదిలి కదల్లేననీ రాశావు. జావా, ఎస్‌క్యూఎల్ చేతిలో ఉన్నదానివి, నాలుగేళ్ళు ఉద్యోగం చేసినదానివి. పోస్టు ఎప్పుడు పడుతుందా అని రోజూ నౌక్రీ తెరిచి కూర్చోవద్దు. మన చుట్టుపక్కల కాగితాల మీద నలుగుతున్న పని ఒకటి పట్టుకో. దాన్ని ప్రోగ్రాం చేసి అమ్ము. రేపు దూరపు కంపెనీతో ఇంట్లో నుంచి చేస్తానని మాట్లాడాలన్నా నీకు ఆ పనే ఆధారం.

లాడ్జీలకూ హోటళ్ళకూ వెబ్‌సైట్లు చేసిపెడతానని మాత్రం తిరగొద్దు. ఊళ్ళో ప్రతి కంప్యూటర్ సెంటరూ అదే చేస్తోంది, రేటు నిలవదు. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చూడు. సీజన్లో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి. కాటా మీద లోడు బరువు, దించాక ఖాళీ బండి బరువు, తరుగు పోను నికర బరువు, అన్నీ ఒక చీటీ మీదే. 2025లో తోతాపురి మామిడికి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు రైతు ఖాతాలో వేస్తామన్నప్పుడు ఎవరు ఎన్ని టన్నులు తోలారన్న లెక్కకు ఎంత విలువుందో అందరికీ తెలిసొచ్చింది.

చూడ్డానికి చిన్న ప్రోగ్రామే, చిక్కులన్నీ లోపలుంటాయి. రాత్రి పదకొండున్నరకు కాటా ఎక్కిన బండి ఒంటిగంటకు ఖాళీ అవుతుంది. ఆ సరుకు ఏ తేదీ లెక్కలోకి రావాలి? కంప్యూటర్ తేదీని నమ్ముకుంటే రోజు మొత్తం ఎప్పటికీ కలవదు. ఫ్యాక్టరీ వాళ్ళు రోజు ఎన్ని గంటలకు మూస్తారో అడిగి, దాన్ని విడిగా పెట్టు. ఒక్కో ఊళ్ళో మునిరత్నాలు ముగ్గురుంటారు, చెంగల్రాయులు ఇద్దరుంటారు, ఒకే పేరును ముగ్గురు గుమాస్తాలు మూడు రకాలుగా రాస్తారు. అందుకని రైతును ఫోన్ నంబరుతో గుర్తుపట్టు, ఆధార్ జోలికి పోవద్దు. ఒకే ఫోను అన్నదమ్ములిద్దరూ వాడతారు కాబట్టి నంబరుతో పాటు ఊరు, తండ్రి పేరు కూడా ఉండాలి. లోడు తూచినప్పుడు డ్రైవరు బండిలో ఉండి, ఖాళీ తూచేటప్పుడు దిగితే అరవై డెబ్బై కిలోలు తేడా పడుతుంది. రెండుసార్లూ ఉన్నాడా దిగాడా అన్న గడి ఒకటి పెట్టు. రెండోసారి ప్రింటు తీసిన చీటీ మీద 'నకలు' అని పడకపోతే ఒకే లోడుకు రెండుసార్లు డబ్బులు పోతాయి. కాటా గదిలో నెట్ పోతుంది, కరెంటూ పోతుంది. కాబట్టి ప్రోగ్రాం అక్కడి కంప్యూటర్లోనే నడవాలి, నెట్ వచ్చినప్పుడే పైకి పంపాలి.

తోతాపురి జూన్, జూలైల్లో ముమ్మరం. అప్పుడు వెళ్తే నీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. జనవరి, ఫిబ్రవరుల్లో వెళ్ళు. ఓనరు కంటే ముందు కాటా గుమాస్తాను కలువు. తన పని పోతుందనుకున్న గుమాస్తా ఎంత మంచి ప్రోగ్రాంనైనా మూలన పడేస్తాడు. రాత్రి పన్నెండుకు మొత్తాలు కూడుకునే పని తప్పుతుందని అతనికి అర్థమైతే సగం పని అయినట్టే. పోయిన సీజన్ చీటీలు ఒక 200 అడిగి తీసుకో, వారంలో రైతువారీ లెక్క తీసి కాగితం మీద ప్రింటు చేసి చూపించు. ఊరికే చేసిపెట్టేది అంతవరకే.

ఆ తర్వాత డబ్బు మాట నువ్వే ఎత్తు. 60 గంటల పని, గంటకు 400 అనుకుంటే 24,000. మొదటిసారి అంచనా ఎవరికైనా తప్పుతుంది కాబట్టి నాలుగో వంతు కలిపి 30,000 చెప్పు. మొదలుపెట్టే ముందు 12,000, నడిపి చూపించాక 9,000, అప్పగించేటప్పుడు 9,000. రెండో ఏడాది నుంచి మరమ్మతులకు 4,500. ఏమేం చేస్తావో ఒక పేజీలో రాసి, మార్పులు రెండు విడతలేననీ, ఆపైన గంటల లెక్కననీ అందులోనే చెప్పి సంతకం తీసుకో. 'మన అమ్మాయే కదా, ఇదొక్కటి చేసిపెట్టమ్మా' అన్న మాట ఆడపిల్లలకే ఎక్కువ వినిపిస్తుంది. అప్పుడు మొహమాటపడకుండా ఆ కాగితం చూపించు. బాకీ అడగడానికి మీ ఆయన్నో నాన్ననో పంపొద్దు. పంపితే తర్వాతి పని మాటలు వాళ్ళతోనే మాట్లాడతారు. పనికి వేరే సిమ్ పెట్టుకో, ఫోన్లు ఎత్తే వేళలు ముందే చెప్పు, డబ్బు నీ ఒక్కదాని పేరున్న ఖాతాలోకే రానీ.

చిన్న సంస్థలను ప్రభుత్వం నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఈ వారమే చేసుకో. ఆధార్, పాన్ చాలు, పైసా ఖర్చు లేదు. ఫీజు అడిగే వెబ్‌సైటైతే అది ప్రభుత్వానిది కాదు. ఫారంలో అడిగే పని రకం, నీ ప్రోగ్రామింగ్‌కైతే, 62తో మొదలయ్యే కోడ్‌లో ఉంటుంది. నువ్వు చిన్న సంస్థగా నమోదై ఉంటే, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని చట్టం చెబుతోంది. దాటితే చిన్న సంస్థల బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తే చాలాసార్లు అక్కడిదాకా పోనక్కర్లేదు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నీకిచ్చే డబ్బులో టీడీఎస్ అని ముందే పన్ను పట్టుకుంటే మాత్రం అది నీ పాన్ కింద పడిందో లేదో చూసుకో.

ప్రోగ్రాం నడిచాక రైతుల పేర్లు, ఫ్యాక్టరీ పేరు తీసేసి, ఉత్తుత్తి లెక్కలు పోసి, కోడ్ నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైటులో పెట్టు. కోడ్ కన్నా ముందు సమస్య రాయి: తేదీ చిక్కు, పేర్ల చిక్కు, నెట్ లేనప్పటి దారి. పని ఇచ్చేవాళ్ళు చదివేది అదే. రెండు నిమిషాల వీడియో తోడు పెట్టు. వ్యవసాయం, ఆహార సరుకుల లెక్కల ప్రోగ్రాములు చేసే చిన్న కంపెనీలకు, హెచ్‌ఆర్‌కు కాకుండా టీమ్ నడిపేవాళ్ళకు, ఐదు వాక్యాల్లో రాసి ఆ లింకు పంపు. పెళ్ళికి ముందు ఇంటిపేరు ఒకచోట, ఇప్పటిది ఇంకోచోట ఉంటే నీ పాత పని నీదని ఎవరికీ తెలీదు. అన్నిచోట్లా ఒకటే పేరు వాడు.

దీనితో పాటు ఔట్‌రీచీకి కూడా దరఖాస్తు పెట్టు, అది కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇచ్చే ఇంటర్న్‌షిప్. ఏడాదికి రెండు విడతలు, మూడు నెలలు ఇంటి నుంచే పని, 7,000 డాలర్లు ఇస్తారు. వారానికి 30 గంటలు కేటాయించాలి కాబట్టి పాపను చూసుకునేదెవరో ముందే ఇంట్లో మాట్లాడుకో. ఎంపికకు ముందు కొన్ని వారాలు ఆ ప్రాజెక్టుల్లో చిన్న చిన్న పనులు చేయించి చూస్తారు. చాలామంది చివరి వారంలో మొదలుపెట్టి దెబ్బతింటారు. మొదటి రోజే దిగు. సందేహాలు మెంటరుకు విడిగా కాకుండా అందరూ చూసే చాట్‌లోనే అడుగు, నువ్వు ఎలా ఆలోచిస్తావో వాళ్ళు అక్కడే గమనిస్తారు.

చీటీలు చేతికొచ్చాక, పేర్లు కనిపించకుండా ఫోటో తీసి నాకు పంపు. డేటాబేస్‌లో టేబుల్స్ ఎలా కట్టాలో ఆదివారం ఫోన్లో చూద్దాం.

నీ పెద్దమ్మ