అనంతపురం ఎండలో కినోవా మొలకలు

అక్కా, పెసలకు చేసినట్టే రాత్రంతా నానబెట్టి మూటగడితే కినోవా జిగటపట్టి వాసన వస్తోందని, తింటే చేదుగా ఉందని రాశారు. పొరపాటు నానబెట్టడంలోనే ఉంది. అది మరీ చిన్న గింజ, రాత్రంతా నీళ్లలో ఉంటే ఊపిరాడదు. గంట, మహా అయితే రెండు గంటలు చాలు.

చేదుకు కారణం పైపొరలోని సపోనిన్ అనే, నురగ వచ్చే పదార్థం. నానబెట్టే ముందే అరచేతులతో రుద్దుతూ, నురగ పోయేదాకా నాలుగైదు సార్లు కడగండి. తర్వాత నీళ్లు పూర్తిగా వార్చి, మూట కట్టకుండా జల్లెడలో పలచగా పరిచి తడిగుడ్డ కప్పండి. మన ఎండలకు ఆరేడు గంటలకోసారి కడిగి వార్చాల్సిందే. దాదాపు ఒక రోజులో తెల్లటి తోక కనిపిస్తుంది. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. వాసన వచ్చినవి పారేయండి, డబ్బు పోయిందని చూసుకోవద్దు.

100 గ్రాముల ఎండు గింజల్లో సుమారు 14 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ (ప్రొటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) ఇందులో బాగానే ఉంటుంది. మొలకెత్తితే, ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వని ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఐరన్ ఒంటికి పట్టడం తేలికవుతుంది.

పచ్చివి తినకండి, బాగా ఆవిరి పట్టండి. మేమైతే ఉగ్గాని తాలింపులో బొరుగులకు బదులు ఇవే వేసి, పుట్నాల పొడి చల్లుతాం. పెసరట్టు పిండిలో గుప్పెడు కలిపితే పిల్లలు కనిపెట్టలేరు. ధర చూస్తే మాత్రం గుండె గుభేలంటుంది. రోజూ ఇదే తినక్కర్లేదు, మొలకెత్తిన రాగులు ఉండనే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాళ్లుంటే ముందు డాక్టరును అడగండి, ఇందులో కొన్ని రకాల రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు ఉంటాయి.