మేనకోడలికి, కొలొకేషన్ల పాఠం గురించి

చి. అమ్మాయీ, ఆశీస్సులు.

ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు కొలొకేషన్లు, అంటే ఏ మాట పక్కన ఏ మాట వాడుకగా వస్తుందో ఆ జంటలు, చెప్పాలన్నావు కదా. వాళ్లతో చిక్కల్లా చదివిందంతా అర్థమైపోవడమే. 'పోజ్ ఎ రిస్క్' అని కంటపడినా భావం తెలిసిపోతుంది కనుక 'పోజ్' మీద చూపు ఆగదు. తీరా రాయమంటే 'మేక్ ఎ రిస్క్' అంటారు. అందుకని ముందు ఊహించనివ్వు, ఆ తర్వాతే చూపించు.

300 మాటల వ్యాసం ఒకటి తీసుకుని ఏడెనిమిది క్రియలు చెరిపెయ్యి. నామవాచకాలు అలాగే ఉండనీ. ఖాళీలు పెన్సిలుతో పూరించాకే అసలు ప్రతి ఇవ్వు. తను పొరబడ్డ చోటు ఎవరికైనా గుర్తుంటుంది. పది దాటించావో, ఒక్కటీ నిలవదు.

మేక్‌తో వచ్చే మాటల పట్టిక, డూతో వచ్చే మాటల పట్టిక పక్కపక్కన పెట్టి ఒకే రోజు చెప్పకు, రెండూ కలగాపులగం అవుతాయి. (చూడ్డానికి మాత్రం ఆ పట్టికలు ముచ్చటగానే ఉంటాయి!) నామవాచకాన్ని పట్టుకుని మొదలుపెట్టు. 'రిస్క్'నే చూడు. 'టేక్ ఎ రిస్క్' అంటే తెలిసి తెగించడం. 'రన్ ద రిస్క్ ఆఫ్' అంటే చేస్తున్న పనివల్ల కోరని ముప్పును నెత్తిమీద పెట్టుకోవడం. ఆ 'ఆఫ్' తర్వాత వచ్చే క్రియకు 'ఇంగ్' తప్పదు. 'పోజ్'కు కర్త సాధారణంగా ముప్పు తెచ్చే వస్తువో పరిస్థితో. ఈ మూడింటి తేడా తేలడానికే పావుగంట పడుతుంది, పట్టనీ.

నోటుబుక్కులో ఆర్టికల్, ప్రిపోజిషన్‌తో సహా మొత్తం ముక్క రాయించు. 'అటెన్షన్' అని ఒంటరిగా రాసుకుంటే దండగ, 'పే అటెన్షన్ టు' అని ఉండాలి. మర్నాడు క్రియ మూసి అడుగు. మూడో రోజు మళ్లీ అడుగు. వారానికి వాటితోనే ఒక పేరా రాయించు.

తెలుగు నుంచి దిగే తప్పులు వేరు. జోరువాన 'స్ట్రాంగ్ రెయిన్' అవుతుంది, కల రావడం 'డ్రీమ్ కేమ్' అవుతుంది. 'హెవీ రెయిన్', 'హ్యాడ్ ఎ డ్రీమ్' అని తెలుగు పక్కనే రాయిస్తే సరి. అలాగని 'టేక్ ఎ డెసిషన్' కొట్టెయ్యకు, బ్రిటిష్ వాడుకలో అదీ ఉంది. అనుమానం వస్తే పది కోట్ల మాటలున్న బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో (జనం నిజంగా వాడిన ఇంగ్లీషును పోగుచేసిన భాండాగారం అది) వెతుకు. ఒకటి రెండు వాక్యాలు దొరికాయని ఒప్పుకోకు, పోటీ జంట ఎన్నిసార్లు వచ్చిందో కూడా చూడు.

వ్యాసాలు దిద్దేటప్పుడు సరైన మాట నువ్వు రాసివ్వొద్దు. నామవాచకానికి సున్నా చుట్టి వదిలెయ్యి. కొలొకేషన్ల నిఘంటువు తిరగేసి వాళ్లే దిద్దుకు రావాలి.