ఐసీయూలో చేరాక వచ్చిన నిమోనియా: మా నాయన దగ్గర కూర్చుని నేను చూసింది

మీ నాన్నగారిని పక్షవాతంతో ఐసీయూలో చేర్చారు, వెంటిలేటర్ మీద ఉన్నారు. చేరిననాటి ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు, ఆరో రోజున నిమోనియా అంటున్నారు. ఇది ఆస్పత్రిలో అంటుకున్నదేనా, మద్రాసు తీసుకుపోదామా అని అడిగారు. నేను డాక్టర్ని కాను చెల్లెమ్మా. విడవలూరు పక్కన రొయ్యల గుంటలు చేసుకునేవాణ్ణి. 2022లో మా నాయన నెల్లూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో 19 రోజులు ఉన్నాడు. ఆ అద్దం తలుపు బయట కూర్చుని నేర్చుకున్నదే రాస్తున్నా. మందుల సంగతి మీ డాక్టర్లు చెప్పిందే వినండి.

మొదటి ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, అవును, అక్కడ వచ్చిందే అయ్యుంటుంది. చేరిన 48 గంటలు దాటాక మొదలయ్యే ఇన్ఫెక్షన్‌ని ఆస్పత్రిలో వచ్చినదిగానే లెక్కేస్తారు. మీది ఆరో రోజు. కానీ 'ఆస్పత్రిలో వచ్చింది' వేరు, 'ఆస్పత్రి వాళ్లు అంటించారు' వేరు. ఈ తేడా తెలియక నేను ఐదో రోజు నుంచీ అక్కడ కనిపించిన ప్రతి మనిషి మీదా కేకలేశా. దానివల్ల ఒరిగిందేమీ లేదు, రెండు రోజులు నాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు, అంతే.

మా నాయన కోవూరు దగ్గర బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. చేర్చిన రాత్రే గొంతులో ట్యూబు వేశారు. ఐదో రోజు తెల్లవారుజామున జ్వరం 102, సక్షన్ పెడితే, అంటే సన్నగొట్టంతో లాగితే, చిక్కటి పసుపుపచ్చ తెమడ. ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లటి మచ్చ. అక్కడ రాత్రి డ్యూటీలో ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు, ఓపిక ఉన్నవాడు. ప్రిస్క్రిప్షన్ కాయితం వెనక బొమ్మ గీసి చూపించాడు. గొట్టం శ్వాసనాళంలో దిగగానే మనిషికి గట్టిగా దగ్గే వీలు పోతుంది. గొట్టం చివర గాలి నింపిన చిన్న బుడగ ఉంటుంది, దాన్ని కఫ్ అంటారు. ఆ బుడగ పైన లాలాజలం మడుగు కడుతుంది, అంచుల వెంబడి చుక్క చుక్కగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఐసీయూలో నాలుగు రోజులున్న మనిషి నోట్లో ఉండేవి ఇంట్లో ఉన్నప్పటి క్రిములు కావు, ఆ గదిలో ఉండే మొండి క్రిములు. అంటే ప్రాణం నిలబెట్టే గొట్టమే వాటికి దారి. ఎవరూ తప్పు చెయ్యకపోయినా కొందరికి వస్తుంది. తప్పు చేస్తే ఇంకా ఎక్కువ మందికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన లెక్క ప్రకారం, ధనిక దేశాల్లో ఆస్పత్రిలో చేరిన ప్రతి 100 మందిలో 7 మందికి ఇట్లాంటి ఇన్ఫెక్షన్ ఏదో ఒకటి వస్తుంటే, మనలాంటి దేశాల్లో 15 మందికి వస్తోంది. ఐసీయూలో ఇంకా ఎక్కువ.

ఆ 7కీ 15కీ మధ్య తేడా ఎక్కడుందో నాకు ఒక రాత్రి కళ్లారా కనిపించింది. ప్రతి మంచం కాళ్ల దగ్గరా సానిటైజర్ సీసా వేలాడుతుంటుంది. రాత్రి రెండు గంటలప్పుడు ఐదు మంచాలకి ఒకే సిస్టర్. ఆ అమ్మాయి నాలుగో మంచం పేషెంటుకి సక్షన్ చేస్తోంది, మా నాయన మానిటర్ మోగింది. అదే గ్లౌజులతో పరిగెత్తుకొచ్చి ఆయన మెడ దగ్గరి లైను, అంటే రక్తనాళంలోకి మందులెక్కించే గొట్టం, సరిచేసింది. సీసా అట్లాగే వేలాడుతోంది. మొదట్లో నేను గ్లౌజులు చూసి మురిసిపోయేవాణ్ణి, ఎంత శుభ్రమో అని. గ్లౌజు కాపాడేది వేసుకున్న మనిషి చేతిని. పేషెంటుకి పేషెంటుకి మధ్య మార్చకపోతే అది ఉత్త చెయ్యి కిందే లెక్క.

మా గుంటల్లో మేం ఏం చేస్తాం? గట్టు ఎక్కే ముందు పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచాల్సిందే. ఒక గుంటలో వేసిన విసురు వల ఇంకో గుంటలో వెయ్యనివ్వను. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు అనుమానం ఉన్న గుంటలో దిగినవాణ్ణి ఆ రోజు వేరే గుంట దగ్గరికి రానివ్వను. 1994, 95లో టైగర్ రొయ్య ఎట్టా పోయిందో చూసిన ఇంటివాళ్లం, ఆ భయం మా ఒంట్లో ఉంది. రొయ్యకి తీసుకునే జాగ్రత్త మా నాయనకి లేదే అని ఆ రాత్రి ఏడుపొచ్చింది. కానీ ఆ పిల్లని ఏమని తిట్టేది? ఐదు గుంటలకి ఒక్క మనిషిని పెట్టి, నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్ ఆగిపోతే పరిగెత్తుకు రమ్మని, కాళ్లు కూడా ముంచమంటే నా దగ్గర మాత్రం ఎవడు చేస్తాడు! పొద్దున పెద్ద డాక్టర్ని కలిసి ఆమె పేరు చెప్పకుండా, రాత్రి మనుషులు చాలట్లేదని మాత్రం అడిగా. ఆ తర్వాత మూడో రోజు నుంచి రాత్రిపూట ఇద్దరు ఉన్నారు. నా మాట వల్లో, వాళ్లే అనుకున్నారో.

తెమడలో ఏ క్రిమి ఉంది, ఏ మందుకి లొంగుతుంది అని చూసే కల్చర్ రిపోర్టు మూడు రోజులకి వచ్చింది. క్రిమి పేరు అసినెటోబ్యాక్టర్. పొడి బట్ట మీద, మంచం కమ్మీ మీద, సెల్‌ఫోను మీద కూడా రోజుల తరబడి బతికుండే రకం. పక్కన మందుల వరుస, మెరోపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్‌తో సహా దాదాపు అన్నిటికీ ఎదురుగా 'ఆర్' అనే అక్షరం, లొంగదు అని. కొలిస్టిన్ ఇస్తామన్నారు. ఆ పేరు నాకు కొత్త కాదు. 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం దాన్ని కోళ్లకీ రొయ్యలకీ దాణాలోకీ వాడకూడదని నిషేధించినప్పుడు మా మేత డీలరు కొట్టు దగ్గర అదే మాట. మనుషులకి ఆఖరి మందంట, తీసుకెళ్లి కోళ్ల మేతలో కలిపారంట అని నవ్వుకున్నాం. మూడేళ్లకి అది మా నాయన చీటీ మీద కనబడింది. కిడ్నీల మీద పడుతుందని ముందే చెప్పారు, పడింది కూడా. కిడ్నీల పని చూపే రక్తపరీక్ష అంకె, క్రియాటినిన్, 1.1 నుంచి 2.4కి పోయింది, తర్వాత మెల్లగా దిగింది. ఆ పంట పట్టుబడి డబ్బు మొత్తం అక్కడే కట్టాం.

మీరు రిపోర్టు గురించి అడగాల్సింది ఇది: శాంపిల్ కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు తీశారా, తర్వాతా? రిపోర్టు వచ్చాక మందు తగ్గించే వీలుందా, ఎన్ని రోజులు ఇస్తారు? ఈ రకం నిమోనియాకి మామూలుగా వారం సరిపోతుందని మాకు చెప్పారు. ఇంకోటి, ట్యూబులోంచి తీసిన తెమడలో క్రిమి పెరిగినంత మాత్రాన జబ్బు అని కాదు, ఊరికే అక్కడ కాపురం పెట్టి కూడా ఉండొచ్చు. జ్వరం, ఎక్స్‌రే, ఆక్సిజన్ అవసరం, తెల్లకణాలు అన్నీ కలిపి చూస్తారు. కాబట్టి రిపోర్టు ఫొటో తీసి గూగుల్లో వెతికి గుండె ఆగేంత భయపడొద్దు. నేను పడ్డా.

మన చేతిలో ఉండేది కొంచెమే, కానీ ఉంది. లోపలికి వెళ్లినప్పుడల్లా తల వైపు మంచం లేచి ఉందా చూడండి. 30 నుంచి 45 డిగ్రీలు ఉండాలంటారు, డాక్టరు వద్దన్న కారణం ఏదైనా ఉంటే తప్ప. స్నానం చేయించాక, దుప్పటి మార్చాక మంచం దించి మర్చిపోవడం మామూలే. మెత్తగా "సిస్టర్, తల కొంచెం లేపుతారా" అంటే ఎవరూ కాదనరు. నోరు శుభ్రం చేస్తున్నారా అడగండి. చేతులు మీరూ రుద్దుకోండి, సానిటైజర్ అయితే 20, 30 సెకన్లు, వేళ్ల సందుల్లో, బొటనవేళ్ల చుట్టూ. ఫోను బయట ఇచ్చి వెళ్లండి. పక్క మంచం వాళ్లని పలకరించడానికి పోవద్దు, మన ఊళ్లలో అదొక మర్యాద గానీ అక్కడ వద్దు. పిలకాయల్ని అసలు తీసుకెళ్లొద్దు.

మా మేనత్త పెంచలకోన గుడి నుంచి తీర్థం తెచ్చింది, చిన్న స్టీలు చెంబులో. స్పూనుతో నోట్లో పొయ్యబోతుంటే సిస్టర్ చెయ్యి పట్టుకుంది. అత్తకి కోపం వచ్చింది. స్పృహ లేని మనిషి నోట్లో పోసింది ఆ బుడగ మీద మడుగులోకే పోతుందని నేను బొమ్మ గీసి చూపిస్తే గానీ తగ్గలేదు. తర్వాత అదే తీర్థం నా తల మీద చల్లింది, నాకూ అవసరమేనని.

ఇక మద్రాసు. మేమూ అంబులెన్సు మాట్లాడుకునే దాకా వచ్చాం. ఆపింది ఆ కుర్ర డాక్టరే. వెంటిలేటర్ మీద ఉన్న మనిషిని దాదాపు 175 కిలోమీటర్లు తీసుకుపోవడం ఒక గండం. ఆ క్రిమి ఇక్కడే ఆగిపోదు, ఆయనతోనే వస్తుంది. అక్కడా వేరు గదిలో పెట్టి ఇదే మందు ఇస్తారు. ఇక్కడ లేనిది అక్కడ ఏముంది అని అడగండి. న్యూరో సర్జన్ కావాలా, డయాలసిస్ కావాలా, కల్చర్ చేసే ల్యాబ్ లేదా? ఫలానాది లేదు అంటే వెళ్లండి, రిపోర్టులన్నీ పట్టుకుని. కోపంతో మాత్రం కదలొద్దు.

మాకు పదో రోజు ట్రాకియాస్టమీ చేశారు, అంటే మెడ ముందు చిన్న రంధ్రం చేసి గొట్టం అక్కణ్ణుంచి పెట్టారు, పద్నాలుగో రోజు వెంటిలేటర్ తీశారు. ఇప్పుడు మా నాయన కర్ర పట్టుకుని గట్టు మీద తిరుగుతాడు, గొంతు మాత్రం బొంగురు.

మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన మాట ఒకటుంది. యూరిన్ ట్యూబు, మెడ దగ్గర లైను మొదటి రోజు వేసినవే ఇప్పటికీ ఉన్నాయన్నారు. ఉండటం తప్పు కాకపోవచ్చు, కానీ ఒక్కో గొట్టం ఒక్కో దారి. యూరిన్ బ్యాగు నేలకి తగలకుండా, నడుము కంటే కిందనే ఉందో లేదో చూడండి. రేపు పొద్దున రౌండ్స్‌కి పెద్ద డాక్టరు వచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: "సార్, వీటిల్లో ఈ రోజు తీసెయ్యగలిగింది ఏదైనా ఉందా?" ఎల్లుండి కూడా అదే అడగండి. ఏమన్నారో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటా.